మహిళల రేడియో అరగంటలో ఆరోగ్యంతో పాటు ఉద్యమం, యుద్ధం కూడా ఉండాలా?

మీ ప్రశ్నను ముందు ఒకసారి చెప్పుకుందాం. మీ మండలంలోని కమ్యూనిటీ రేడియోలో వారానికి అరగంట ఆడవాళ్ళ కార్యక్రమానికి ఇచ్చారు. పొదుపు సంఘం సభ్యులు, ఒక ఆశా కార్యకర్త, ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు కలిసి చేద్దామనుకుంటున్నారు. ఆరోగ్యం, ఉద్యమాలు, యుద్ధం మూడూ పెడదామని మీరంటే "ఆరోగ్యం వరకూ సరే, ఉద్యమాలంటే గొడవలు, యుద్ధం సంగతి మనకెందుకు" అని కమిటీలో కొందరు అడ్డు చెబుతున్నారు. పెట్టవచ్చా, పెడితే ఎలా చేయాలి, మాట్లాడినవాళ్ళకు ఇబ్బంది రాకుండా ఏం చూసుకోవాలి అని అడిగారు.

పెట్టండి. మూడూ పెట్టండి, కలిపి పెట్టండి. ఆడవాళ్ళ చేత మైకు ముందు మాట్లాడించే పనిలోనే నా ఉద్యోగ జీవితం చాలావరకు గడిచింది. ఆరోగ్యాన్ని మాత్రం ఉంచుకుని మిగతా రెండూ తీసేస్తే చివరికి ఆ ఆరోగ్య కార్యక్రమం కూడా సరిగ్గా రాదు. ఆకుకూరలు తినండి, ఐరన్ మాత్రలు వేసుకోండి అనే కరపత్రం చదివినట్టు తయారవుతుంది. ఆ మాత్రలు ఎందుకు అందడం లేదో, ఆకుకూరలు కొనే డబ్బు ఎటు పోతోందో అడగాలంటే ఉద్యమాల దగ్గరికి వెళ్ళక తప్పదు.

యుద్ధం గురించి మీ కమిటీకి చెప్పడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. తూర్పు కాంగోలో బుకావు అని ఒక పట్టణం. 1999లో డాక్టర్ డెనిస్ ముక్వెగె అక్కడ పాంజీ ఆసుపత్రి మొదలుపెట్టారు. కాన్పుల్లో తల్లులు చనిపోకుండా చూడాలన్నది ఆయన ఉద్దేశం. కానీ చుట్టూ యుద్ధం. సాయుధ ముఠాల చేతుల్లో అత్యాచారానికి గురై, లోపలి అవయవాలు చిరిగిపోయి, మూత్రం ఆగకుండా కారిపోయే స్థితిలో స్త్రీలు రావడం మొదలైంది. కాన్పుల ఆసుపత్రి కాస్తా ఆ గాయాలకు ఆపరేషన్లు చేసే చోటుగా మారింది. 2018లో ముక్వెగెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చాక ఇదంతా ప్రపంచానికి తెలిసింది. అంతగా తెలియనిది అదే పట్టణంలోని ఆడ విలేకరుల పని. 2003లో చుచు నమెగబె, ఆమె తోటి జర్నలిస్టులు దక్షిణ కీవు (బుకావు ఉన్న ప్రాంతం) మహిళా మీడియా సంఘం పెట్టుకున్నారు. రికార్డర్లు పట్టుకుని పల్లెలకు వెళ్ళారు. ఇంట్లోవాళ్ళతో కూడా చెప్పుకోలేని మాటలు స్త్రీలు చెబితే రికార్డు చేసి, స్థానిక రేడియోల్లో, ఆ ఊళ్ళవాళ్ళకు అర్థమయ్యే భాషల్లో వినిపించారు. అలా మాట్లాడటం గాయం మానడానికి మొదటి అడుగు అని వాళ్ళు నమ్మారు. 2009లో నమెగబె అమెరికా సెనేట్ విదేశాంగ కమిటీ ముందు ఆ స్త్రీల తరఫున మాట్లాడారు.

ఇందులో ఏది యుద్ధ వార్త, ఏది ఆరోగ్య వార్త, ఏది ఉద్యమ వార్త? మీ కమిటీవాళ్ళను విడదీసి చూపించమనండి. తుపాకీ ఎవరి చేతిలో ఉందన్నది యుద్ధం. ఆ తర్వాత ఆమె ఒంట్లో మిగిలింది ఆరోగ్యం. దాన్ని నోరు తెరిచి చెప్పి, బాధ్యులెవరని అడగడం ఉద్యమం. ముగ్గురు వేర్వేరు మనుషులు కారు, ఒక్క మనిషే.

ఈ సంగతి నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1993 జూన్‌లో వియన్నాలో ఐక్యరాజ్య సమితి ప్రపంచ మానవ హక్కుల మహాసభ జరిగింది. అక్కడే మహిళా సంఘాలు తమ సొంత ప్రజా న్యాయస్థానం నిర్వహించాయి. లోకం నలుమూలల నుంచి వచ్చిన స్త్రీలు స్వయంగా సాక్ష్యం చెప్పారు. దాన్ని ఐదు భాగాలు చేశారు: కుటుంబంలో జరిగే హింస, యుద్ధ నేరాలు, స్త్రీ శరీరం మీద జరిగే దాడులు, బతుకుతెరువు హక్కుల ఉల్లంఘన, రాజకీయ వేధింపు. కట్టుకున్నవాడు కొట్టిన దెబ్బనూ బోస్నియా యుద్ధంలో జరిగిన అత్యాచారాన్నీ ఒకే చోట, ఒకే రోజు వినిపించడమే అక్కడ వాళ్ళు సాధించిన పెద్ద విషయమని నా అభిప్రాయం. ఆ గొంతులను బయటి లోకానికి చేర్చినవాళ్ళలో ఫైర్ రేడియో స్త్రీలు ఉన్నారు. ఫైర్ అంటే ఫెమినిస్ట్ ఇంటర్నేషనల్ రేడియో ఎండీవర్. 1991 మే 1న కోస్తారీకాలో, రేడియో ఫర్ పీస్ ఇంటర్నేషనల్ అనే షార్ట్‌వేవ్ స్టేషన్‌లో మొదలైంది. మరియా సువారెస్ తోరో దాన్ని నడిపించినవాళ్ళలో ముఖ్యురాలు. స్పానిష్‌లో, ఇంగ్లీషులో ప్రసారం చేసేవాళ్ళు. 1998లో షార్ట్‌వేవ్ నుంచి ఇంటర్నెట్‌కు మారారు. అంతకు ముందే, 1986లో, అమెరికాలో ఫ్రీడా వెర్డెన్, క్యాథరిన్ డావెన్‌పోర్ట్ కలిసి వింగ్స్ అనే వార్తా సేవ మొదలుపెట్టారు. స్త్రీలు చేసిన, స్త్రీల గురించిన కార్యక్రమాలను వాణిజ్య ప్రకటనలు లేని స్టేషన్లకు అందించేవారు. అదీ వారానికి అరగంటే, మీకు దొరికినంతే.

మరి మన మండలానికీ యుద్ధానికీ ఏం సంబంధం అంటారేమో. కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి ఎంతమంది ఆడవాళ్ళు కువైట్‌లో ఇళ్ళ పనికి వెళ్ళారో మీకు చెప్పనక్కర్లేదు. 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగినప్పుడు అక్కడి నుంచి సుమారు 1,70,000 మంది భారతీయులను వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి మొదలైనప్పుడు అక్కడ మెడిసిన్ చదివే తెలుగు పిల్లల తల్లులు రాత్రంతా ఫోను పట్టుకుని కూర్చున్నారు. ఇంకా దగ్గరికి రండి. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో, మావోయిస్టుల మీదికి ప్రభుత్వం అండతో నడిచిన సల్వాజుడుం రోజుల్లో ఊళ్ళు వదిలి వచ్చిన గుత్తికోయ గిరిజన కుటుంబాలు భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్నాయి. కాగితాలు లేవని రేషను అందని తల్లులు, కాన్పుకు ఆసుపత్రి దాకా రాలేని తల్లులు ఆ గుడిసెల్లో ఉన్నారు. యుద్ధం అంటే సరిహద్దు ఒక్కటే అనుకుంటే వీళ్ళెవరూ మన లెక్కలోకి రారు.

ఇక ఎలా చేయాలన్నది. నా దగ్గర ఉన్నది ఒక్కటే సూత్రం, మిగతావన్నీ దాని నుంచి వచ్చినవే. ఆడమనిషిని ఆమెకు ఏం జరిగిందో మాత్రమే అడిగి వదిలేయకండి. ఆమె ఏం నిర్ణయం తీసుకుంది, ఎందుకు తీసుకుంది, ఎవరు బాధ్యులని అనుకుంటోంది, ఏం జరగాలని కోరుతోంది అని అడగండి. మామూలు వార్తల్లో యుద్ధం వస్తే ఆడవాళ్ళు ఏడుస్తూ కనిపిస్తారు, ఆరోగ్యం వస్తే లబ్ధిదారులుగా కనిపిస్తారు, ఉద్యమం వస్తే గుంపుగా కనిపిస్తారు. కారణాలు చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం మైకు ఒక అధికారి దగ్గరికో, నాయకుడి దగ్గరికో, ప్రొఫెసర్ దగ్గరికో పోతుంది. ఏడుపు ఆమెది, వివరణ ఇంకొకరిది. మీ అరగంటలో ఈ పంపకం మారాలి.

2023 డిసెంబర్ 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. 42 రోజులు సాగింది. మధ్యలో, జనవరిలో, ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. ఆ రోజుల్లో వచ్చిన వార్తలు గుర్తు చేసుకోండి. కేంద్రాల తాళాలు పగలగొట్టారు, ట్రాఫిక్ ఆగింది, పిల్లలకు పాలు, గుడ్లు అందలేదు. రోజుకు ఎన్ని రిజిస్టర్లు రాస్తారు, యాప్‌లో ఫోటో ఎక్కకపోతే ఎవరు మాట పడతారు, రిటైరైనప్పుడు చేతికి ఏం వస్తుంది, సంక్రాంతి పండక్కి కూడా ఇంటికి పోకుండా శిబిరంలో ఉండాలని ఎలా తేల్చుకున్నారు అని ఎంతమంది అడిగారు? ఈ ప్రశ్నలకు జవాబులు ఉద్యమం గురించే చెప్పవు, ఐదేళ్ళ లోపు పిల్లల తిండి గురించీ గర్భిణుల ఆరోగ్యం గురించీ చెబుతాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాను తరిమిన ఆడవాళ్ళు అక్షరాస్యత పాఠాల దగ్గర కూర్చుని మాట్లాడుకునే ఆ నిర్ణయానికి వచ్చారు. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. రోడ్డు మీద జరిగింది అందరూ చూస్తారు. చాప మీద కూర్చుని మాట్లాడుకున్నది వినిపించగలిగేది రేడియో ఒక్కటే. మీరు అక్కడికి వెళ్ళండి.

అడిగేవాళ్ళను బట్టి ఎంత మారుతుందో చెప్పడానికి ఆఫ్రికాలోని రువాండా దేశపు కేసు ఒకటి నేను శిక్షణల్లో తప్పకుండా చెబుతాను. 1994లో అక్కడ టుట్సీ తెగవాళ్ళ మీద జరిగిన మారణహోమం మీద వేసిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో జాన్ పాల్ అకయేసు అనే మేయర్ మీద విచారణ జరిగింది. మొదటి అభియోగ పత్రంలో అత్యాచారం ఊసే లేదు. హత్యల గురించి సాక్ష్యం చెబుతున్న ఒక స్త్రీ మాటల మధ్యలో తన చిన్న కూతురి మీద జరిగిన అత్యాచారం ప్రస్తావించింది. ఆ బెంచి మీద ఉన్న ఒకే ఒక్క మహిళా న్యాయమూర్తి నవనీతం పిళ్ళై. ఆమె ఆ మాటను జారిపోనివ్వలేదు, ఇంకా అడిగారు. 1997లో అభియోగ పత్రం మార్చారు. 1998 సెప్టెంబర్ 2న వచ్చిన తీర్పులో, అత్యాచారం కూడా జాతి నిర్మూలన నేరం కాగలదని ఒక అంతర్జాతీయ కోర్టు మొదటిసారి చెప్పింది. సాక్షి చెప్పింది ఒక్క వాక్యం. ఆ వాక్యం దగ్గర ఆగడం తెలిసిన మనిషి అక్కడ ఉంది.

అయితే అదే రువాండా నుంచి ఇంకో సంగతి కూడా మీ జట్టుకు చెప్పండి. ఆడ గొంతు ఉన్నంత మాత్రాన అది స్త్రీల పక్షం రేడియో అయిపోదు. ఆర్‌టీఎల్‌ఎం అనే స్టేషన్ ఫలానావాళ్ళను చంపండి, ఫలానా చోట దాక్కున్నారు అని ప్రసారం చేసింది. ఆ స్టేషన్‌లో పేరు మోసిన గొంతుల్లో ఒకటి వలేరీ బెమెరికి అనే స్త్రీది. 2009లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది. యుద్ధం వచ్చినప్పుడు మీ స్టూడియోలోకి కూడా పగ మాటలు వస్తాయి, ఆడవాళ్ళ నోటి నుంచే వస్తాయి. ఒక కులాన్నో మతాన్నో దేశాన్నో మొత్తంగా తిట్టే మాట ప్రసారంలోకి వెళ్ళకూడదని ముందే రాసుకుని అందరూ సంతకం పెట్టండి. ఆ రోజు వాదించుకుని తేల్చుకోవడానికి టైము ఉండదు.

ఆరోగ్యం గురించి ఎక్కువ రాయాలనిపిస్తోంది, ఎందుకంటే మన రాష్ట్రాల్లో ఇది పైకి మామూలుగా కనిపించి లోపల చాలా లోతున్న విషయం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఐదో విడతలో, సిజేరియన్ కాన్పులు దేశంలో 21.5 శాతమైతే తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రలో 42.4 శాతం. ఈ అంకెలు చదివి ఒక డాక్టరమ్మను పిలిచి "అనవసరమైన ఆపరేషన్లు వద్దు" అని చెప్పిస్తే అది మామూలు ఆరోగ్య కార్యక్రమం. అందులో తప్పు లేదు, కానీ సగమే. ముప్పై దాటీ దాటకముందే గర్భసంచి తీయించుకున్న ఆమెను కూర్చోబెట్టి, ఆ నిర్ణయం ఎలా జరిగిందో నెమ్మదిగా అడగండి. తెల్లబట్ట అవుతోందని వెళితే క్యాన్సర్ వస్తుందని భయపెట్టారా? పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు అని ఇంట్లోవాళ్ళే అన్నారా? నెలసరి రోజుల్లో కూలి పోతుందని ఆమే కోరుకుందా? కోత పనిలో, పత్తి చేలో బాత్రూమ్ లేకపోవడం ఆ నిర్ణయంలో ఉందా? ఆపరేషన్ తర్వాత నడుం నొప్పులు, ఒళ్ళంతా ఆవిర్లు వస్తాయని ముందు ఎవరైనా చెప్పారా? ఈ జవాబుల్లో వైద్య వ్యాపారం ఉంది, కూలి రేట్లు ఉన్నాయి, కాపురం ఉంది. అప్పుడు డాక్టరమ్మను పిలవండి. ఆమె ఉపన్యాసం ఇవ్వడానికి కాకుండా, ఈ అనుభవాలకు జవాబు చెప్పడానికి వస్తుంది. డాక్టర్ ముందు, బాధపడ్డవాళ్ళు తర్వాత అన్న వరస తిరగేయండి. నేను చూసినంతలో ఈ ఒక్క మార్పుతో ఫోన్లు చేసేవాళ్ళు పెరుగుతారు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి, ఖమ్మం ఉదంతం మీద. 2009 జూలైలో ఖమ్మం జిల్లాలో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారని మహిళా ఆరోగ్య సంఘాలు వెళ్ళి విచారించి బయటపెట్టాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ సమయంలో కొందరు పిల్లలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. దీన్ని రేడియోలో చెప్పేటప్పుడు రెండు మాటలూ కలిపి చెప్పాలి: టీకా క్యాన్సర్ నుంచి కాపాడుతుంది, ఆ పిల్లల ఇళ్ళవాళ్ళను అడగకుండా వేయడం అన్యాయం. మొదటిది వదిలేస్తే తల్లులు టీకాలంటేనే భయపడతారు, ఆ పాపం మనది. రెండోది వదిలేస్తే గిరిజన తల్లిదండ్రుల అనుమతికి విలువ లేదని మనమే ఒప్పుకున్నట్టు. స్త్రీవాద ఆరోగ్య కార్యక్రమం అంటే సైన్సును అనుమానించడం అని కొందరు అపార్థం చేసుకుంటారు. నా ఉద్దేశంలో అది సైన్సు ఎవరి ఒంటి మీద, ఎవరిని అడిగి పనిచేస్తోందని అడగడం.

మాట్లాడినవాళ్ళ భద్రత దగ్గర నేను చాలా కచ్చితంగా ఉంటాను. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ ప్రకారం నేరం, రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు. పిల్లల విషయంలో పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిగా ఉంది. కానీ గుర్తింపు అంటే పేరూ ఫోటో మాత్రమే అనుకోకండి. రేడియోలో గొంతే మనిషి. పేరు మార్చినా పక్కింటివాళ్ళు గొంతు పట్టేస్తారు. గొంతును సాఫ్ట్‌వేర్‌తో సన్నగానో లావుగానో మారిస్తే చాలనుకోకండి. దాన్ని మళ్ళీ వెనక్కి మార్చవచ్చు. ఆమె చెప్పింది ఉన్నది ఉన్నట్టు రాసుకుని, ఇంకో ఊరి ఆడమనిషి చేత చదివించడం అన్నిటికంటే క్షేమం. ఆమె మాట తీరు, ఆగిన చోట్లు చెడకుండా చదివే మనిషిని వెతకాలి. వెనక వినిపించే చప్పుళ్ళు కూడా చూసుకోండి: గుడి మైకు, రైల్వే స్టేషన్ ప్రకటన, ఎవరో పిలిచిన పేరు. ఊరు చిన్నదైతే "పెద్ద కొడుకు లారీ డ్రైవర్, రెండో కూతురు నర్సు" అన్న రెండు ముక్కలు చాలు, ఎవరో తెలిసిపోతుంది.

పేరు చెప్పి మాట్లాడాలని ఆమే నిర్ణయించుకుంటే అది వేరు. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లిలో పదకొండు మంది కోదు స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. దాచుకోకుండా బయటికి వచ్చారు, సభల్లో నిలబడ్డారు, కోర్టుకు వెళ్ళారు. 2023 ఏప్రిల్‌లో కింది కోర్టు పోలీసులను నిర్దోషులుగా వదిలేసింది. దర్యాప్తులో లోపాలను ఎత్తిచూపింది, ఆ స్త్రీలకు పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. పదహారేళ్ళకు దగ్గర. అంతకాలం ఆ ఊరి పేరు మోస్తూ బతకడం ఎంత బరువో ఆలోచించండి. అందుకే ఒకసారి "సరే" అన్నారని ఎప్పటికీ సరే అన్నట్టు కాదు. రికార్డింగుకు ముందు అడగండి, ఎడిటింగు అయ్యాక వినిపించి మళ్ళీ అడగండి, రెండేళ్ళ తర్వాత మళ్ళీ ప్రసారం చేయాలంటే ఇంకోసారి అడగండి. ఏ దశలో వద్దన్నా తీసేయండి, కారణం అడగకండి. ఏడుపు మొదలైతే మైకు ఆపండి. ఆ ఏడుపు ప్రసారంలో వినిపించాల్సిన అవసరం నాకు ఒక్కసారి కూడా కనిపించలేదు. ఆమె ఇంటికి తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరో ఒకరు తోడు వెళ్ళండి, మర్నాడు ఫోను చేయండి. హింసకు గురైన స్త్రీలకు సాయం చేసే సఖి కేంద్రం, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు మీ స్టూడియో గోడ మీద ఉండాలి.

లైసెన్సు సంగతి. కమ్యూనిటీ రేడియోలకు సొంతంగా వార్తలు, రాజకీయ వ్యాఖ్యలు ప్రసారం చేసే అనుమతి మన దేశంలో లేదు. ఆకాశవాణి వార్తలను మార్చకుండా ఇవ్వవచ్చు. కాబట్టి "నేటి యుద్ధ వార్తలు" అని శీర్షిక పెట్టకండి, స్టేషన్‌కే ఇబ్బంది. కానీ కువైట్ నుంచి వచ్చిన ఆమె తన అనుభవం చెప్పడం వార్త కాదు. అంగన్వాడీ ఆయా తన పనిదినం ఎలా గడుస్తుందో చెప్పడం రాజకీయ ప్రసంగం కాదు. ఏ పార్టీ పేరూ, ఏ అభ్యర్థి పేరూ రాకుండా చూసుకోండి. స్టేషన్ కమిటీకి ముందే స్క్రిప్టు చూపించండి.

ధైర్యం కావాల్సినప్పుడు తలుచుకోవడానికి మన దగ్గరే ఒకటుంది. జహీరాబాద్ పక్కన మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా రైతుల సంఘం రేడియో. 1998లోనే యునెస్కో సాయంతో స్టూడియో పెట్టుకున్నారు. లైసెన్సు రాలేదు. 1995లో సుప్రీంకోర్టు గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పినా, ఊళ్ళవాళ్ళు రేడియో పెట్టుకునే విధానం 2006 చివరికి గానీ రాలేదు. అప్పటిదాకా ఆ ఆడవాళ్ళు ఖాళీగా కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి క్యాసెట్లు సంఘం మీటింగుల్లో పెట్టి విన్నారు. విత్తనాలు, జొన్నలు, కొర్రలు, కాన్పులు, పాటలు, అన్నీ తమ యాసలోనే. 2008 అక్టోబర్ 15న, ప్రపంచ గ్రామీణ మహిళా దినం రోజున ప్రసారం మొదలైంది. ఆ 1995 తీర్పు చెప్పిన న్యాయమూర్తుల్లో ఒకరైన పి.బి. సావంత్ వచ్చి ప్రారంభించారు. మీకు స్లాటు ఎప్పుడైనా పోవచ్చు, కమిటీ మారవచ్చు. క్యాసెట్ పద్ధతి గుర్తుంచుకోండి. ఫోన్‌లో ఫైలు ఉంటే సంఘం మీటింగులో స్పీకర్ పెట్టి వినవచ్చు. విన్నాక అక్కడే మాట్లాడుకోవచ్చు. ఆ మాటలే వచ్చే వారం కార్యక్రమం.

కాబూల్‌లో రేడియో బేగం సంగతీ చెప్పాలి. హమీదా అమన్ 2021 మార్చి 8న మొదలుపెట్టారు. ఐదు నెలలకే తాలిబాన్ వచ్చింది. అమ్మాయిల హైస్కూళ్ళు మూతపడితే ఏడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పాఠాలు రేడియోలో చెప్పారు. డాక్టర్లను, మానసిక నిపుణులను కూర్చోబెట్టి ఫోన్లు తీసుకున్నారు. ఆడవాళ్ళ గొంతు బయట వినపడకూడదని 2024 ఆగస్టులో తాలిబాన్లు చట్టమే చేశారు. ఆ ఏడాది చివర్లో నర్సింగు, మంత్రసాని శిక్షణలకు కూడా అమ్మాయిలను రానివ్వలేదు. అంటే రేపు కాన్పులు ఎవరు చేస్తారన్న ప్రశ్న. 2025 ఫిబ్రవరి 4న రేడియో మీద దాడి చేసి మూయించారు, అదే నెలలో మళ్ళీ తెరుచుకుంది. అక్కడ లెక్కల పాఠం కూడా యుద్ధం, ఆరోగ్యం, ఉద్యమం మూడూ కలిసిన కార్యక్రమమే.

ఇక మీ మొదటి నెల. నేనైతే ఇలా చేస్తాను. నాలుగు వారాలూ ఒకే విషయం తీసుకోండి, కాన్పు. మొదటి వారం మీ మండలంలో ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళు, మామూలు కాన్పు అయినవాళ్ళు, ముహూర్తం చూసి కోయించుకున్నవాళ్ళు. రెండో వారం కాన్పులకు తోడు వెళ్ళే ఆశా కార్యకర్తలు: ఎంత ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు, దేనికోసం ధర్నా చేశారు. మీ జట్టులోని ఆశా అక్క ఈ వారం అడిగే కుర్చీలో కాకుండా చెప్పే కుర్చీలో కూర్చోవాలి. మూడో వారం కడుపుతో ఉండగా గల్ఫ్ నుంచి వెనక్కి రావాల్సి వచ్చినవాళ్ళో, ఊరు వదిలి పారిపోయి వచ్చి అడవి పక్కన కన్నవాళ్ళో. వాళ్ళ భాష కోయ అయితే కోయలోనే ముందు వినిపించి, తర్వాత తెలుగులో చెప్పండి. నాలుగో వారం అంతా శ్రోతల ఫోన్లు, జిల్లా ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ. అరగంటలో జట్టువాళ్ళ గొంతులు ఐదారు నిమిషాలకు మించకూడదు. పాటలు రెండు చాలు, అవీ ఊళ్ళో పాడినవి. రాత్రి వంట అయ్యాక, సీరియల్స్ మొదలయ్యే ముందు ఉండే సమయం అడగండి. పొద్దున స్లాటు ఇస్తే ఒప్పుకోకండి, ఆ వేళ ఎవరూ వినలేరు.

స్క్రిప్టు రాసుకున్నాక ప్రశ్నల జాబితా ఇక్కడే పెట్టండి. ఏ ప్రశ్న ముందు, ఏది వెనక అన్నది కలిసి చూద్దాం.